ఒట్టు లేని నిజం

సినిమాలో కోర్టు సీను వచ్చిందంటే ఎర్రగుడ్డ చుట్టిన భగవద్గీత రావలసిందే. బంట్రోతు తెచ్చి ముందు పెడతాడు, సాక్షి దాని మీద అరచెయ్యి ఆనించి "అంతా నిజమే చెబుతాను, అబద్ధం చెప్పను" అంటాడు. ఆ తర్వాత అతను చెప్పేవన్నీ అబద్ధాలేనని హాల్లో కూర్చున్నవాళ్లందరికీ ముందే తెలుసు.

అసలు కోర్టులో ఈ తంతు లేదు. ఇప్పుడు అమల్లో ఉన్నది 1969 నాటి ప్రమాణాల చట్టం. అందులో గీత ఊసు లేదు, బైబిలు ఊసు లేదు, ఖురాను ఊసూ లేదు. ఉన్నవి రెండు వరసలు. ఒకటి దేవుడి పేరు మీద చేసే ప్రమాణం, రెండోది దేవుడి ప్రస్తావన లేని ప్రతిజ్ఞ. ఏది చెప్పాలన్నది బోనెక్కినవాడి ఇష్టం. చట్టం దృష్టిలో రెండింటికీ ఒకటే విలువ.

ఈ కాస్త వెసులుబాటు రావడానికి మూడు శతాబ్దాలు పట్టింది. దాని కోసం జైళ్లలో మగ్గినవాళ్లున్నారు, ఆస్తులు పోగొట్టుకున్నవాళ్లున్నారు. విచిత్రం ఏమిటంటే, సాక్ష్యంలోకి దేవుణ్ణి లాగొద్దని మొదట పట్టుబట్టింది నాస్తికులు కాదు. దేవుణ్ణి అందరికన్నా గట్టిగా నమ్మినవాళ్లు.

నిప్పు పలికిన సాక్ష్యం

రాత్రికి రాత్రి ఎవరో పొలం గట్టు జరిపారు. చూసినవాడు లేడు. నువ్వే జరిపావని ఒకడు, నాకేం తెలీదని ఇంకొకడు. తీర్పు చెప్పాల్సిన పెద్దమనిషి ఏం చెయ్యాలి? ఈ చిక్కుకు లోకమంతటా ఒకటే మందు దొరికింది. మనుషులు చూడకపోతేనేం, దేవుడు చూశాడుగా! ఆయన్నే అడుగుదాం.

యాజ్ఞవల్క్య స్మృతి ఇందుకోసం ఐదు దివ్యాలు చెప్పింది. తక్కెడ, నిప్పు, నీళ్లు, విషం, కోశం. కోశమంటే దేవతా విగ్రహాన్ని కడిగిన నీళ్లు తాగించడం. పెట్టిన గడువు లోపల తాగినవాడికి ఏ కీడూ జరక్కపోతే అతను నిజాయితీపరుడు. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్యనే 13వ శతాబ్దంలో కేతన 'విజ్ఞానేశ్వరీయం'గా తెలుగు చేశాడు. ఇక మనుస్మృతిలో ఒట్లకు కూడా వర్ణాలవారీ ఏర్పాటుంది. బ్రాహ్మణుడు సత్యం మీద ఒట్టేస్తే చాలు. క్షత్రియుడు తన వాహనం మీద, ఆయుధాల మీద వెయ్యాలి. వైశ్యుడు ఆవుల మీద, ధాన్యం మీద, బంగారం మీద. శూద్రుడి చేత మాత్రం సకల పాపాలూ తనకు చుట్టుకుంటాయని చెప్పించాలి. నిజం రాబట్టాలంటే భయం పెట్టాలి, ఎవరికెంత భయం పెట్టాలో పుట్టుకే తేల్చాలి అన్నమాట.

ఐరోపాలోనూ ఇదే వరస. ఎర్రగా కాల్చిన ఇనుము చేత్తో పట్టించేవారు, చేతికి కట్టు కట్టి, పుండు మానే తీరును బట్టి తీర్పు చెప్పేవారు. ఇనుమును ఆశీర్వదించే పని పాదిరీది. 1215లో రోములో జరిగిన నాలుగో లేటరన్ మహాసభ ఇలాంటి పరీక్షల్లో మతగురువులు పాల్గొనకూడదని శాసించింది. పాదిరీ తప్పుకునేసరికి పరీక్షకు దైవబలం పోయి, క్రమంగా మూలపడింది. మిగిలింది ఒట్టు ఒక్కటే. బైబిలు మీద ప్రమాణం చేసి అబద్ధమాడితే నరకం ఖాయం కాబట్టి నరకానికి భయపడేవాడి మాట నమ్మొచ్చు. ఇదే లెక్కను తిరగేస్తే, భయపడనివాడి మాట నమ్మకూడదు. ఇంగ్లండు న్యాయశాస్త్రంలో పెద్దదిక్కు అనదగిన ఎడ్వర్డ్ కోక్ క్రైస్తవుడు కానివాడు సాక్షిగానే పనికిరాడన్నాడు.

పుస్తకమే వద్దంటోంది

17వ శతాబ్దపు ఇంగ్లండులో క్వేకర్లని ఒక క్రైస్తవ శాఖ పుట్టింది. వాళ్ల నాయకుడు జార్జ్ ఫాక్స్. వీళ్ల దుకాణాల్లో బేరాలుండవు, ఒకటే ధర. చిన్నపిల్లాడు వెళ్లినా అదే, పెద్దమనిషి వెళ్లినా అదే. ఎవరి ముందూ టోపీ తియ్యరు. ఒట్టు అసలే వెయ్యరు.

ఎందుకు వెయ్యరంటే రెండు కారణాలు చెప్పేవారు. కొండమీది ప్రసంగంలో ఏసు ఒట్టే వెయ్యొద్దన్నాడు, అవునంటే అవును, కాదంటే కాదు, అంతటితో సరి అన్నాడు. ఇది మొదటిది. రెండోది ఇంకా పదునైనది. ఇవాళ ఒట్టు పెట్టుకుని నిజం చెబుతున్నానంటే, నిన్న ఒట్టు లేకుండా చెప్పినదాంట్లో అబద్ధానికి చోటుందని నేనే ఒప్పుకున్నట్టు. నిజాయితీపరుడికి నిజం ఒకటే రకం ఉంటుంది, కోర్టుకొకటి వీధికొకటి ఉండదు.

1660లో రాజరికం తిరిగొచ్చాక పాలకులకు ఎవర్ని చూసినా అనుమానమే. రాజుకు విధేయుడినని బైబిలు మీద ఒట్టెయ్యమన్నారు. 1664లో లాంకాస్టర్ కోర్టులో ఫాక్స్ చేతికి ఆ పుస్తకం ఇచ్చారు. అతను దాన్ని పట్టుకునే, ఒట్టు వెయ్యొద్దని చెబుతున్నది ఈ పుస్తకమేనని, మరి దీన్ని వదిలేసి తననెందుకు పట్టుకున్నారని అడిగాడు. జడ్జీలకు నచ్చలేదు, జైలుకు పంపారు. అదే ఏడు అదే కోర్టులో మార్గరెట్ ఫెల్ అనే క్వేకరు ఇల్లాలికి ఆస్తి రాజుపరం, జీవితాంతం ఖైదు అని శిక్ష వేశారు. ఆమె నాలుగేళ్లు లాంకాస్టర్ కోట జైల్లో గడిపింది.

ఒట్టు వెయ్యనివాడికి కోర్టు లేదు. బాకీ ఎగ్గొట్టినవాడి మీద దావా నడపలేడు, తండ్రి వీలునామా రుజువు చెయ్యలేడు, ఇంట్లో దొంగ పడితే సాక్ష్యం చెప్పలేడు. పోరగా పోరగా 1696లో పార్లమెంటు దిగివచ్చి, క్వేకర్లు ఒట్టుకు బదులు ప్రతిజ్ఞ చేస్తే చాలంది. అందులోనూ దేవుడి పేరు పెట్టారు. అది కూడా ఒట్టేనని వాళ్లలో చాలామంది ఒప్పుకోలేదు. 1722కి ఆ ముక్క తీసేశారు. అయినా క్రిమినల్ కేసుల్లో మాత్రం వాళ్ల ప్రతిజ్ఞ చెల్లేది కాదు, 1828 దాకా ఆగాల్సి వచ్చింది. ఏమైతేనేం, దేవుడి పేరెత్తకుండా చెప్పిన మాటకు చట్టంలో చోటు దొరికింది. ఆ చోటు సంపాదించి పెట్టింది భక్తులు.

కలకత్తా నుంచి వచ్చిన కేసు

ఇంకో మెలిక మన దేశం నుంచే పడింది. అమీర్‌చంద్ అనే కలకత్తా వర్తకుడికి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి బార్కర్ బాకీపడ్డాడు. దావా లండన్ కోర్టుకెక్కింది. సాక్షులు కలకత్తాలో ఉన్నారు, హిందువులు. వాళ్ల వాఙ్మూలం అక్కడే తీసుకున్నారు. ప్రమాణం వాళ్ల ఆచారం ప్రకారం, బ్రాహ్మణుడి పాదం తాకి చేశారు. కోక్ మాట ప్రకారమైతే ఆ కాగితాలు చెత్తబుట్టలో వెయ్యాలి. వేస్తే కంపెనీ వ్యాపారం ఏం కావాలి? ఇంగ్లీషువాడికి అప్పిచ్చిన ప్రతి భారతీయుడూ మునిగిపోడూ?

1744లో లార్డ్ చాన్సలర్ హార్డ్‌విక్ ఆ సాక్ష్యం చెల్లుతుందన్నాడు. ఏ దేవుడైనా సరే, అబద్ధానికి శిక్షిస్తాడన్న నమ్మకం ఉంటే చాలని జడ్జీలు తేల్చారు. గుమ్మం కొంచెం వెడల్పయింది, అంతే. ఏ దేవుణ్ణీ నమ్మనివాడు మాత్రం బయటే. ఆ సంగతి జడ్జీ విలిస్ అప్పుడే విడమరచి చెప్పాడు.

ఇక్కడ కంపెనీ కోర్టుల్లో హిందువుల చేత గంగాజలం మీద, ముస్లిముల చేత ఖురాను మీద ప్రమాణాలు చేయించేవారు. ఫలితం తలకిందులైంది. కోర్టు పని మీద గంగను ముట్టడం పాపమని నిష్ఠాపరులు అసలు సాక్ష్యానికే రావడం మానేశారు. దేవుడంటే భయమున్నవాడు ఇంట్లో కూర్చుంటే, లేనివాడు చులాగ్గా గంగాజలం ముట్టి తోచింది చెప్పిపోయేవాడు. ఈ ప్రమాణాలు జనం అంతరాత్మకు గిట్టడం లేదని, న్యాయానికే అడ్డుపడుతున్నాయని 1840 చట్టం పీఠికలోనే ఒప్పుకుని, వాటి స్థానంలో ప్రతిజ్ఞ పెట్టారు. 1872లో ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ తయారుచేసిన సాక్ష్య చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. అడిగింది అర్థం చేసుకుని జవాబు చెప్పగలిగితే ఎవరైనా సాక్షే. నీ దేవుడెవరు అన్న ప్రశ్నే అందులో లేదు.

గడియారం గోపురంలో ఒక రాత్రి

ఇంగ్లండులో నాస్తికుల వంతు 1869లో వచ్చింది. దేవుణ్ణి నమ్మనివాళ్లు కోర్టులో ప్రతిజ్ఞ చేసి సాక్ష్యం చెప్పొచ్చని చట్టం చేశారు. పార్లమెంటు తలుపు మాత్రం తెరుచుకోలేదు. దాన్ని తట్టినవాడు చార్లెస్ బ్రాడ్లా. 1880లో నార్తాంప్టన్ నుంచి గెలిచి, ప్రమాణానికి బదులు ప్రతిజ్ఞ చేస్తానన్నాడు. సభ కాదంది. పోనీ ప్రమాణమే చేస్తాను, నా అంతరాత్మ మీదే కదా కట్టుబాటు అన్నాడు. నమ్మనివాడు దేవుడి పేరెలా ఎత్తుతావంటూ దానికీ కాదంది. దేవుడి పేరెత్తనంటే తప్పు, ఎత్తుతానంటే తప్పు. వెళ్లిపొమ్మంటే వెళ్లనన్నాడు. జూన్ 23న సభ ఆయన్ని నిర్బంధించి, బిగ్ బెన్ ఉన్న గడియారం గోపురంలోనే ఆ రాత్రి ఉంచింది.

సభ గెంటేసిన కొద్దీ నార్తాంప్టన్ ఓటర్లు మళ్లీ మళ్లీ గెలిపించి పంపారు. 1881 ఆగస్టులో లోపలికి రాబోతే పోలీసులు, సభా సిబ్బంది కలిసి ఈడ్చి బయటపడేశారు. కోటు చిరిగిపోయింది. 1882లో జేబులోంచి బైబిలు కొత్త నిబంధన తీసి, తనకు తనే ప్రమాణం చేయించుకున్నాడు. మరుసటి ఏడు ప్రధాని గ్లాడ్‌స్టన్ ప్రతిజ్ఞల బిల్లు తెచ్చాడు. ఆయన పరమభక్తుడు. ఒక మనిషికి హక్కుగా దక్కాల్సింది దేవుడి పేరు చెప్పి లాక్కుంటే, జనానికి ఆ దేవుడి మీదే విశ్వాసం పోతుందని వాదించాడు. బిల్లు మూడు ఓట్ల తేడాతో వీగిపోయింది. 1886లో స్పీకరు పీల్ ఎవరి అభ్యంతరమూ విననని చెప్పి బ్రాడ్లాను కూర్చోనిచ్చాడు. 1888లో బ్రాడ్లాయే ప్రమాణాల చట్టం నెగ్గించుకున్నాడు. అప్పటి నుంచి పార్లమెంటులోనైనా కోర్టులోనైనా ప్రతిజ్ఞ చాలు.

బ్రాడ్లా భారతీయుల పక్షాన ఎంత మాట్లాడేవాడంటే ఆయన్ని భారతదేశపు సభ్యుడనే పిలిచేవారు. 1889లో బొంబాయి కాంగ్రెసు సభకు వచ్చాడు. 1891 జనవరి 30న పోయాడు. అంత్యక్రియలకు లండన్‌లోని భారతీయ విద్యార్థులు వెళ్లారు. వాళ్లలో ఇరవై ఒక్క ఏళ్ల లా విద్యార్థి ఒకడున్నాడు. పేరు మోహన్‌దాస్ గాంధీ. తిరుగు రైలు కోసం ఎదురుచూస్తుంటే స్టేషన్లో ఒక నాస్తికుడు ఒక పాదిరీతో వాదం పెట్టుకుని ఎద్దేవా చెయ్యడం విన్నాడు. అది విన్నాక నాస్తికత్వం మీద తనకున్న విముఖత ఇంకా పెరిగిందని ఆత్మకథలో రాసుకున్నాడు.

సేవాగ్రాంలో పెళ్లి

ఆ విముఖత మెత్తబడటానికి అర్ధశతాబ్దం పట్టింది. 1931 డిసెంబరులో స్విట్జర్లండులోని లోజాన్‌లో జరిగిన సభలో గాంధీ, దేవుడే సత్యమని ఇన్నాళ్లూ అంటూ వచ్చానని, ఇకమీదట సత్యమే దేవుడంటానని చెప్పాడు. దేవుణ్ణి కాదన్నవాళ్లున్నారు గాని సత్యాన్ని కాదన్న నాస్తికుడు లేడన్నది ఆయన తర్కం. చెప్పడానికి బాగుంది. ఆచరణలో ఇది నిలుస్తుందా అన్న పరీక్ష పెట్టినవాడు తెలుగువాడు.

గోరాగా పేరుపడ్డ గోపరాజు రామచంద్రరావు వృక్షశాస్త్రం చదివిన అధ్యాపకుడు. జంధ్యం వెయ్యనన్నందుకు ఇంటికి దూరమయ్యాడు, నాస్తికత్వం వల్ల ఉద్యోగాలూ వదులుకున్నాడు. 1940లో భార్య సరస్వతితో కృష్ణా జిల్లా ముదునూరు చేరి నాస్తిక కేంద్రం పెట్టాడు. సహపంక్తి భోజనాలు, అక్షరాలు నేర్పించడం, అంటరానితనం మీద పోరు అక్కడి పనులు. కలుస్తానని 1941లో ఉత్తరం రాస్తే, నాస్తికత్వమంటే ఆత్మను నిరాకరించడమేనని, మాట్లాడే తీరిక లేదని గాంధీ జవాబిచ్చాడు. గోరా పట్టు వదల్లేదు. 1944 నవంబరులో సేవాగ్రాంలో కలిశాడు. ఆ తర్వాత ఇద్దరూ చాలాసార్లు మాట్లాడుకున్నారు. తన ఆస్తికత్వమే ఒప్పనీ గోరా నాస్తికత్వం తప్పనీ అనలేనని, ఇద్దరం సత్యాన్ని వెతికేవాళ్లమేనని గాంధీ అనేదాకా వచ్చింది.

గోరా పెద్దకూతురు మనోరమను దళిత యువకుడు అర్జునరావుకు ఇచ్చి చెయ్యాలని నిశ్చయించారు. ఆశ్రమంలో తన ఆధ్వర్యంలోనే పెళ్లి జరగాలని గాంధీ కోరాడు. అప్పుడు దేవుడి మాట వచ్చింది. ఆశ్రమంలో పెళ్లి దేవుడి పేరు మీద జరుగుతుంది, పెళ్లివారేమో నాస్తికులు. గాంధీ తడుముకోలేదు. ఆ చోట సత్యం పేరు పెడదామన్నాడు. ముహూర్తం చూడ్డానికి ఆయన మిగల్లేదు. 1948 మార్చి 13న సేవాగ్రాంలోనే సత్యం సాక్షిగా పెళ్లి జరిగింది.

ఆ ఏడాది చివర రాజ్యాంగ సభలో రాష్ట్రపతి ప్రమాణం చర్చకొచ్చింది. దేవుడి పేరు ఉండాలని కొందరు సభ్యులు పట్టుబట్టారు. చివరికి రెండు మార్గాలూ ఉంచారు. ఎమ్మెల్యే నుంచి రాష్ట్రపతి దాకా దైవసాక్షిగా ప్రమాణమైనా చెయ్యొచ్చు, సత్యనిష్ఠతో ప్రతిజ్ఞ అయినా చెయ్యొచ్చు.

ఎనిమిదేళ్ల పాప

రాజ్యాంగం వచ్చిన కొత్తల్లో రాజస్థాన్ నుంచి ఒక కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. అత్యాచారానికి గురైన ఎనిమిదేళ్ల పాప సాక్షి. ప్రమాణం పవిత్రత ఆ పిల్లకు తెలియదని రాసుకుని, కింది కోర్టు జడ్జి ప్రమాణం చేయించకుండానే సాక్ష్యం నమోదు చేశాడు. ప్రమాణం లేని సాక్ష్యం చెల్లదని ముద్దాయి తరపు వాదన. జస్టిస్ వివియన్ బోస్ ఒప్పుకోలేదు. ప్రమాణం చేయించనంత మాత్రాన సాక్ష్యం కొట్టుకుపోదని చట్టమే చెబుతోంది, పాప తెలిసింది తెలిసినట్టు చెప్పగలదా లేదా అన్నదే చూడాలన్నాడు. శిక్ష నిలబడింది. దేవుడంటే ఏమిటో, నరకమంటే ఏమిటో తెలియని పిల్ల నోటిమాట నిజమని ఒక దేశపు అత్యున్నత న్యాయస్థానం నమ్మింది. ఫాక్స్ లాంకాస్టర్‌లో అడిగింది ఇదే.

1969 చట్టం ఈ దారినే నడిచింది. పన్నెండేళ్ల లోపు పిల్లలకు నిజం చెప్పాలన్న ఎరుక ఉంటే ప్రమాణం అక్కర్లేదంది. 1873 చట్టంలో ఉన్న ఇంకో పాత ఏర్పాటును కూడా తీసిపారేసింది. ఫలానా గుళ్లో అవతలివాడు ప్రమాణం చేస్తే నేను ఓడినట్టేనని కక్షిదారు ఒప్పుకుంటే, ఆ ప్రమాణమే తిరుగులేని రుజువయ్యేది. ఇక కాదు.

చట్టం తీసేసినంత మాత్రాన ఊళ్లు మానుకుంటాయా? చిత్తూరు జిల్లా కాణిపాకం వరసిద్ధి వినాయకుడు సత్యప్రమాణాల దేవుడు. సొమ్ము తీసుకోలేదని, దొంగతనం చెయ్యలేదని, ఇక తాగనని, కోనేట్లో మునిగి తడిబట్టలతో స్వామి ముందు నిలబడి ప్రమాణాలు చేస్తారు. నాయకులు కూడా కాణిపాకం రా తేల్చుకుందామని సవాళ్లు విసురుకుంటారు. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. వాదికీ ప్రతివాదికీ ఆ వినాయకుడి మీద గురి ఉన్నంతకాలం అక్కడ తగవు తెగుతుంది. కోర్టుకొచ్చేవాళ్లకు అలాంటి ఉమ్మడి దేవుడు ఉండడు. అక్కడ కాణిపాకం భక్తుడూ వస్తాడు, గోరా శిష్యుడూ వస్తాడు. వాళ్లిద్దరి మధ్య తగవు తీర్చాలంటే ఇద్దరూ కాదనలేని కొలబద్ద కావాలి. అది కాగితం, క్రాస్ ఎగ్జామినేషన్, అబద్ధం రుజువైతే ఏడేళ్ల దాకా పడే జైలు.

దీంతో అబద్ధాలు ఆగాయా అంటే, ఆగలేదు. కోర్టుల్లో తప్పుడు సాక్ష్యం బతుకుతీరైపోయిందని 2000లో సుప్రీంకోర్టే వాపోయింది. గంగాజలం ముట్టించిన రోజుల్లోనూ ఆగలేదు. తేడా ఒక్కటే. ఆ రోజుల్లో అబద్ధమాడినవాణ్ణి పైవాడు చూసుకుంటాడని మిగతావాళ్లు చేతులు దులుపుకునేవారు. ఇప్పుడు వాణ్ణి పట్టుకోవాల్సింది వకీలు, శిక్షించాల్సింది జడ్జి, వాడికి వత్తాసు పలక్కుండా ఉండాల్సింది మనం. దేవుణ్ణి ఈ పని నుంచి తప్పించమని క్వేకర్లు కోరింది ఆయన మీద నమ్మకం లేక కాదు, తమ పని ఆయన నెత్తిన పెట్టడం ఇష్టం లేక.